పొగగొట్టంలో నలభై ఏడు నిమిషాలు

పేరు మెరికె.
వాళ్ల భాషలో చిన్న సముద్రమని అర్థమట.
మన చెవికి మెరిక అని వినిపిస్తుంది, అదీ తప్పేం కాదు.
విల్యాండి ఊళ్లో పొగగొట్టాలు తుడుస్తుంది.
ఎస్టోనియా చలికాలం ఎంత పొడవో
ఆమె గోళ్లు చూసి చెప్పొచ్చు.

తాడుకి ఇనపగుండు, గుండుకి ఫోను కట్టి
కొయిదు వీధి పాత చెక్కమేడ గొట్టంలోకి దించింది.
నలభై ఏడు నిమిషాల మసి.
రెండో అంతస్తులో ఎక్కడో ఇటుక విచ్చిందని అనుమానం.
ఆ అంతస్తు వల్దుర్‌ది.
"నా పొయ్యిది నా వయసే, దాన్నేమీ అనకు" అంటాడు.
మంగళవారం ఐదు కుటుంబాలూ కూర్చుంటాయి.
అంతసేపు చీకటిని ఎవరు చూస్తారు?

బడి వేలంలో కొన్న కంప్యూటరు,
మీట నొక్కితే పిండిమరలా లేస్తుంది.
డబ్బడగని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుంది.
సగం మాటలు తన భాషలో,
మిగతా సగం అనువదించేవాడు అలిసిపోయి వదిలేసినవి.
అడుగున ఖాళీ పట్టాలు, రైలు రాని స్టేషనులా.
వీడియోని మౌసుతో ఈడ్చి పట్టా మీద పెడితే
కుడివైపు గడప దాటి ఎటో పోయింది.

బ్లేడు బొమ్మ దగ్గర చేయి వణికింది,
ఇరవై రెండేళ్లుగా ఏ కప్పు మీదా జారని చేయి.
కోస్తే ఇక పోయినట్టేనా?
కోసింది. మూడు నిమిషాల మసి మాయం.
గుండె గుభేలుమని ఫోల్డరు తెరిచింది:
నలభై ఏడూ అక్కడే, ఒక్క సెకనూ తగ్గకుండా.
కత్తెర పడింది గుడ్డ మీద కాదు,
గుడ్డ మీద పరిచిన కాగితం మీద.
ఆ తర్వాత చూడాలి ఆమె ధైర్యం!

మొదటి రాత్రి, చెప్పొద్దూ, కనబడ్డవన్నీ వాడేసింది.
మసి నక్షత్రంలా విచ్చుకుంది,
పుస్తకం పుటలా తిరగబడింది,
ఇటుకలు రంగురంగుల వానై రాలాయి.
ఒంటిగంటకి తనకే నవ్వొచ్చి
కంట్రోల్ జెడ్, కంట్రోల్ జెడ్, కంట్రోల్ జెడ్,
మళ్లీ ఒట్టి చీకటి దాకా.
తాడు గీరుకునే రొద భరించలేక
శబ్దం మొత్తం తీసేద్దామనుకుంది,
చివరిసారిగా ఒక్కసారి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.
తీయలేదు.

మంగళవారం. పెన్‌డ్రైవ్. పక్కింటి పిల్ల లాప్‌టాప్.
తెరిస్తే బొమ్మ ఉండాల్సిన చోటల్లా ఎర్రటి గడులు.
ఫైళ్లు లేవు, ఎక్కడున్నాయో చెప్పమంటోంది.
ఆమె తెచ్చింది వంట కాదు,
వంట ఎలా చేయాలో రాసుకున్న చీటీ.
వల్దుర్ మీసం కదిలింది.

మంచులో పదకొండు నిమిషాల నడక ఇంటికి.
ఎగుమతి అనే మీట ఇన్నాళ్లూ మూలనే ఉంది,
ఆమె దాన్ని ఓడరేవు వ్యవహారం అనుకుంది.
నాలుగు శాతం.
నాలుగు శాతం.
తొమ్మిది.
పిండిమర ఊగిపోతోంది, కోటు విప్పలేదామె,
బూట్ల కింద మంచు కరిగి చాప తడిసింది.

తిరిగొచ్చేసరికి వాళ్లు రెండోసారి టీ కాచుకున్నారు.
రెండు నిమిషాల పది సెకన్లు.
చీకటి, ఇటుక, ఇటుక,
వెంట్రుకంత పసుప్పచ్చ గీత.
"కెమెరా మీద మరక" అన్నాడు వల్దుర్.
అప్పుడు ఆ గీతలోంచి అతని గొంతే వచ్చింది,
బంగాళదుంపల్ని తిడుతూ:
"గంటైందే సోమరిముండల్లారా, ఉడకరేం?"

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఇల్లు ఇల్లంతా నవ్వింది.
మెరికె నవ్వలేదు.
"నీ మాట బయటికొచ్చిన దారిలో
పొగ లోపలికి రాదా?" అంది.

వల్దుర్ టోపీ చేతుల్లో తిప్పాడు చాలాసేపు.
పొయ్యి రేపే ఆర్పుతానన్నాడు.
గుమ్మం దగ్గర ఆమెని ఆపి, గొంతు తగ్గించి,
"ఆ దుంపల ముక్క కోసేయొచ్చా?"
"ఓ, క్షణం పని" అంది.
ఫోల్డరు సంగతి మాత్రం చెప్పలేదు.